ఐజెమ్‌లో మా ఏడాది: నల్గొండ నీళ్ళు, వెలగని బ్యాక్టీరియా

2023 జూన్ చివర్లో ఒక రాత్రి 11 గంటలకు ల్యాబ్‌లో లైట్లన్నీ ఆర్పేసి, నీలం లైటు కింద మా బ్యాక్టీరియా ఉన్న 12 ట్యూబులు వరసగా పెట్టుకుని కూర్చున్నాం. మొదటి దాంట్లో ఫ్లోరైడ్ లేదు. కుడికి పోయేకొద్దీ ఫ్లోరైడ్ పెరుగుతుంది, దాంతోపాటు ఆకుపచ్చ వెలుగూ పెరగాలి. 12 ట్యూబులూ ఒకేలా ఉన్నాయి. "చివరిది కొంచెం ఎక్కువ వెలుగుతోంది కదా?" అన్నాడు మావాడొకడు. మాకెవరికీ కనిపించలేదు. కాసేపటికి వాడికీ కనిపించలేదు.

అప్పటికి మేం ఐజెమ్ ఫీజు కట్టేసి మూడు నెలలైంది.

ఐజెమ్ అంటే తెలియనివాళ్ళ కోసం. ఇంటర్నేషనల్ జెనెటికల్లీ ఇంజనీర్డ్ మెషీన్ అని పూర్తి పేరు. పేరులో మెషీన్ ఉన్నా అక్కడ ఇనుము కనిపించదు. విద్యార్థులు జట్లుగా ఏర్పడి ఒక సమస్య ఎంచుకుని, దానికి పనికొచ్చే డీఎన్‌ఏ ముక్కలు కలిపి, బ్యాక్టీరియాలోనో ఈస్ట్‌లోనో పెట్టి పని చేయించాలి. 2003 జనవరిలో అమెరికాలోని ఎంఐటీలో ఒక చిన్న కోర్సుగా మొదలైంది. కణాలు మిణుకు మిణుకుమనేలా చేయడం అప్పటి పిల్లలకిచ్చిన పని. మరుసటి ఏడాది 5 విశ్వవిద్యాలయాల మధ్య పోటీ అయింది. మేం వెళ్ళేనాటికి దాదాపు 400 జట్లు. చాలా ఏళ్ళు ఫైనల్ బోస్టన్‌లో జరిగేది, 2022 నుంచి పారిస్‌కు మారింది.

మొదలుపెట్టినవాళ్ళలో ఒకరైన టామ్ నైట్ కంప్యూటర్ ఇంజనీరు. అందుకేనేమో, ఆ ఆలోచనలో ఎలక్ట్రానిక్స్ వాసన వస్తుంది. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళి రెసిస్టర్లు, కెపాసిటర్లు కొనుక్కొచ్చి సర్క్యూట్ కట్టుకున్నట్టు, డీఎన్‌ఏ ముక్కలకూ ఒకే కొలత, ఒకే అతుకు పెడితే ఎవరు చేసిన ముక్కనైనా ఎవరైనా వాడుకోవచ్చు కదా అన్నది లెక్క. ఆ ముక్కలన్నిటికీ నంబర్లిచ్చి ఒక రిజిస్ట్రీలో ఉంచుతారు. ప్రతి జట్టూ అందులోంచి తీసుకుంటుంది, తను చేసినది అందులో వేస్తుంది. ఐజెమ్ వాళ్ళు పంపే ఆ ముక్కల కిట్ వచ్చినప్పుడు చూడాలి మా ఆనందం. ఒక్కో ప్లేటులో 384 చిన్న గుంటలు, ఒక్కోదాంట్లో ఎండబెట్టిన డీఎన్‌ఏ. 10 మైక్రోలీటర్ల నీళ్ళు వేస్తే ఎర్రగా తిరుగుతుంది. డీఎన్‌ఏకి రంగు ఉండదు, గుర్తుకోసం వాళ్ళే రంగు కలిపి ఎండబెడతారు. అది తెలిశాక కూడా మేం ఒక్కో గుంటా ఎర్రబడుతుంటే చిన్నపిల్లల్లా చూశాం.

నాది తెనాలి. చదువు హైదరాబాద్‌లో, బయోటెక్నాలజీ మూడో సంవత్సరం. 2022 డిసెంబర్‌లో ఒక సీనియర్ అక్క క్యాంటీన్‌లో కూర్చోబెట్టి, "సెలవుల్లో ఇంటికి పోవు, నిద్ర సరిగ్గా ఉండదు, సీజీపీఏ కొంచెం దెబ్బతింటుంది, వస్తావా?" అని అడిగింది. ఇంత నిజాయితీగా పిలిస్తే కాదనడం కష్టం. మొత్తం 11 మందిమి. ఆరుగురు బయోటెక్, ఇద్దరు కంప్యూటర్స్, ఒకడు మెకానికల్, ఒకమ్మాయి కెమిస్ట్రీ, ఒకబ్బాయి ఏ బ్రాంచో కూడా చివరిదాకా సరిగ్గా తెలియలేదు కానీ బొమ్మలు బాగా వేస్తాడు.

ఏం చేద్దామన్నదానికే రెండు నెలలు పట్టింది. ప్లాస్టిక్ తినే బ్యాక్టీరియా, మిర్చిలో బూజు విషం పట్టే సెన్సర్, ఇలా బోర్డు నిండా రాశాం. జట్టులో నల్గొండ అబ్బాయి ఒకడున్నాడు. ఎక్కువ మాట్లాడడు. మూడో మీటింగ్‌లో లేచి "ఫ్లోరైడ్" అని ఒక్క మాట రాసి కూర్చున్నాడు. వాళ్ళ తాత నడుము వంగి, మెడ తిప్పలేక ఎలా ఉండేవాడో తర్వాత చెప్పాడు. మా అమ్మమ్మగారిది దర్శి దగ్గర. ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఈ జబ్బుని, ఫ్లోరోసిస్‌ని, మనదేశంలో మొదటిసారి గుర్తించి రాసింది 1937లో, ఆ ప్రాంతం గురించే. అప్పుడది నెల్లూరు జిల్లా. పళ్ళ మీద గోధుమరంగు చారలు మా అమ్మ తరఫు చుట్టాల్లో చాలామందికి ఉంటాయి. నేను చిన్నప్పుడు అది తోముకోకపోవడం వల్ల అనుకునేదాన్ని.

సైన్సు పరంగా కూడా ఆ ఆలోచన బావుంది. 2012లో యేల్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ బ్రేకర్ ల్యాబ్ వాళ్ళు ఫ్లోరైడ్‌ని పసిగట్టే ఒక ఆర్‌ఎన్‌ఏ స్విచ్‌ని కనుక్కున్నారు. కొన్ని బ్యాక్టీరియాల్లో అది సహజంగానే ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏ పోగు తనంతట తాను మడతపడుతుంది. ఆ మడతలో ఫ్లోరైడ్ వచ్చి కుదురుకుంటే వెనకున్న జన్యువు చదవడం ముందుకు సాగుతుంది, లేకపోతే మధ్యలోనే ఆగిపోతుంది. ఆ వెనక జన్యువు తీసేసి ఆకుపచ్చగా వెలిగే ప్రొటీన్ జన్యువు పెడితే, ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళలో మేం వాడే బ్యాక్టీరియా, ఈ. కోలై, వెలగాలి. అదే ఏడాది కేంబ్రిడ్జ్ ఐజెమ్ జట్టు ఈ స్విచ్‌తో పనిచేసింది కూడా. అంతకు ముందు 2006లో ఎడిన్‌బరా జట్టు నీళ్ళలో ఆర్సెనిక్ కోసం ఇలాంటి సెన్సర్ చేసింది. దారి ఉంది, నడవడమే తరువాయి అనుకున్నాం.

డబ్బు సంగతి. జట్టు ఫీజే 5 వేల డాలర్లకు అటూ ఇటూ. అంటే మన డబ్బులో 4 లక్షలు దాటింది. పారిస్‌కు వచ్చేవాళ్ళకి తలా టికెట్టు వేరే. కాలేజీ కొంత ఇచ్చింది, పాత విద్యార్థులు కొంత వేశారు, కాలేజీ ఫెస్ట్‌లో సమోసాల స్టాల్ పెట్టాం. రెండు రోజులు నిలబడితే స్టాల్ మీద 6,200 రూపాయలు మిగిలింది. ఒక ప్రైమర్ల ఆర్డర్‌కి సరిపోయింది. ప్రైమర్లంటే డీఎన్‌ఏని కాపీ చేయడానికి వాడే చిన్న డీఎన్‌ఏ ముక్కలు. ఆ ప్రైమర్లని మేం చివరిదాకా సమోసా ప్రైమర్లనే పిలిచాం, ఫ్రిజ్‌లో లేబుల్ కూడా అదే.

ఇంక ఊరి సంగతి. నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది అదే.

ఐజెమ్‌లో ల్యాబ్ పని ఒక్కటే చూడరు. మీరు చేసేది ఎవరికోసమో వాళ్ళ దగ్గరికెళ్ళారా, వాళ్ళేమన్నారు, దానివల్ల మీ ప్రాజెక్టులో ఏం మారింది అని అడుగుతారు. దీన్ని హ్యూమన్ ప్రాక్టీసెస్ అంటారు. చాలా జట్లు దీన్ని నలుగురు ప్రొఫెసర్లతో జూమ్ కాల్‌గా ముగించేస్తాయి. మేమూ అలాగే ముగించేవాళ్ళమేమో. నల్గొండ అబ్బాయి ఒప్పుకోలేదు. ఏప్రిల్‌లో మర్రిగూడ వైపు ఒక ఊరికి తీసుకెళ్ళాడు.

వెళ్ళేముందు, మాట్లాడే ప్రతివాళ్ళ దగ్గరా సంతకం తీసుకోవాలని తెలుగులో ఒక ఫారం తయారుచేశాం. రాసింది నేనే. "సంశ్లేషిత జీవశాస్త్ర పరిశోధనలో భాగస్వాములగుటకు నా సమ్మతిని తెలియజేయుచున్నాను" అని ఏదో రాశాను. మొదటి ఇంట్లోనే ఒక పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "ఇది ఏం బాస బిడ్డా?" అన్నాడు. సింథటిక్ బయాలజీ తాతా అన్నాను. పక్కన కూర్చున్న పెద్దమ్మ, "సింథటిక్ అంటే చీరెల గుడ్డ గాదా?" అంది. అందరూ నవ్వారు. ఫారం పక్కన పెట్టేసి మామూలుగా చెప్పాను. కంటికి కనపడని సన్న పురుగులుంటాయి, వాటికి కొత్త పని నేర్పి నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందో లేదో చెప్పిస్తాం అని.

పెద్దమ్మ వెంటనే అడిగింది: "మా నీళ్ళల్ల ఫ్లోరిన్ ఉన్నదని చెప్పనీకి మల్ల పురుగులెందుకు? మా మోకాళ్ళు చెప్తలేవా?"

నా దగ్గర జవాబు లేదు. పది స్లైడ్ల ప్రెజెంటేషన్ ఉంది బ్యాగులో.

ఆవిడ కోపంగా అనలేదు, ఊరికే అడిగింది. తర్వాత టీ పెట్టించి కూర్చోబెట్టి చెప్పింది. ఇన్నేళ్ళల్లో ఆ ఊరికి ఎంతమంది వచ్చారో లెక్కలేదట. సీసాలు పట్టుకుని వచ్చినవాళ్ళు, కెమెరాలు పట్టుకుని వచ్చినవాళ్ళు, పళ్ళు చూసినవాళ్ళు, కాళ్ళు కొలిచినవాళ్ళు. "సీసాలు నింపుకపోయిండ్రు. ఎంతున్నదో మల్ల వచ్చి చెప్పినోళ్ళు లేరు." ఆ మాట నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రాసుకుంటుంటే, నేనూ ఆ లెక్కలో ఒకదాన్నేనని తెలుస్తూనే ఉంది.

ఇప్పుడు ఇళ్ళల్లో నల్లా తిప్పితే కృష్ణా నీళ్ళు వస్తాయి. అంతకుముందు పటిక, సున్నం వేసి నీళ్ళు తేర్చుకునే పద్ధతి ఉండేది. ఆ పద్ధతికి ప్రపంచమంతా పేరే నల్గొండ టెక్నిక్. మన జిల్లా పేరు పాఠ్యపుస్తకాల్లోకి అలా ఎక్కింది. నల్లా వచ్చింది కాబట్టి సమస్య తీరిందనుకున్నాం మేం హైదరాబాద్‌లో కూర్చుని. పొలం దగ్గర నల్లా ఉండదు కదా. పత్తి ఏరడానికి, కలుపు తీయడానికి పొద్దున పోతే సాయంత్రం దాకా అక్కడి బోరు నీళ్ళే తాగుతారు. ఎండలో మరీ ఎక్కువ తాగుతారు. ఒక్కో బోరు ఒక్కోలా ఉంటుందని వాళ్ళకు తెలుసు. ఏది ఎలా ఉంటుందో తెలియదు. "గీ బోరు నీళ్ళు తాగొచ్చా, తాగొద్దా? గది చెప్పుండ్రి సాలు" అన్నాడు ఇంకొకాయన.

మా ప్రాజెక్టు ఆ మాటతో మారింది. ఉందా లేదా అన్న ప్రశ్నకి విలువ లేదు, ఆ నేలలో ఎంతో కొంత ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మన దేశ ప్రమాణం ప్రకారం 1 దాటకుండా ఉంటే మంచిది, వేరే నీళ్ళు దొరక్కపోతే 1.5 దాకా. ఆ హద్దుకి ఇటు వెలగకూడదు, అటు వెలగాలి. అప్పటిదాకా మేం లీటరుకు 50, 100 మిల్లీగ్రాములతో పరీక్ష చేద్దామని ప్లాన్ వేసుకున్నాం, గ్రాఫ్ అందంగా వస్తుందని. అవన్నీ కొట్టేశాం.

ఆ రోజు 14 బోర్ల నుంచి నీళ్ళు తెచ్చాం. ప్లాస్టిక్ సీసాల్లోనే తెచ్చాం, ఫ్లోరైడ్ నమూనాలు గాజులో పెట్టరు. సీసా మీద నంబరుతో పాటు వాళ్ళు పిలిచే పేరే రాశాం: చింతచెట్టు బోరు, బడి బోరు, మల్లన్న గుట్ట బోరు. "మల్ల వచ్చి చెప్తం" అని నల్గొండ అబ్బాయి ఇంటింటికీ చెప్పాడు. ఎవరూ నమ్మినట్టు కనిపించలేదు.

ఆ తర్వాతే జూన్, 12 ట్యూబులు, చీకటి.

మేం అన్నీ అనుమానించాం. డీఎన్‌ఏ సరిగ్గా అతకలేదేమో అని సీక్వెన్సింగ్‌కి పంపాం, ఒక్క అక్షరం తేడా లేకుండా వచ్చింది. వెలిగే ప్రొటీన్ పాడైందేమో అని స్విచ్ లేకుండా పెట్టి చూశాం, పచ్చగా వెలిగింది. సోడియం ఫ్లోరైడ్ పాతదేమో అని కొత్తది తెప్పించాం. ఫ్లోరైడ్ బాగా పెంచితే కొంచెం వెలుగు వచ్చింది. అయితే అది ఊళ్ళో ఏ బోరులోనూ ఉండనంత ఫ్లోరైడ్. మూడు వారాలు ఇలా గడిచాయి. జట్టులో మాటలు తగ్గాయి. ఒకమ్మాయి ఇంటర్న్‌షిప్ వచ్చిందని వెళ్ళిపోయింది, ఆమెని తప్పుపట్టలేను.

జూలై మధ్యలో పక్క ల్యాబ్ పీహెచ్‌డీ అక్క మైక్రోవేవ్‌లో తన అన్నం వేడి చేసుకుంటూ మా బోర్డు చూసింది. "మీ ఈ. కోలైలో క్రిక్‌బీ ఉందా, తీసేశారా?" అంది. మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

సంగతేమిటంటే, ఫ్లోరైడ్ బ్యాక్టీరియాకి కూడా విషమే. అందుకే వాటికి ఫ్లోరైడ్‌ని బయటికి తోసేసే ఒక దారి ఉంటుంది. ఆ దారి కట్టే జన్యువు పేరే సీఆర్‌సీబీ, మేం ముద్దుగా క్రిక్‌బీ అంటాం. అసలు ఆ ఆర్‌ఎన్‌ఏ స్విచ్ సహజంగా ఉండేది కూడా ఆ దారిని అవసరానికి తెరిపించడానికే. మేం వాడిన మామూలు ఈ. కోలైకి ఆ దారి నిక్షేపంగా ఉంది. మేం నీళ్ళలో ఫ్లోరైడ్ వేస్తున్నాం, అది లోపలికి పోతోంది, పోయింది పోయినట్టే బయటికి తోసేస్తోంది. లోపల స్విచ్ దగ్గర నిలిచేది ఏమీ లేదు. కాపలావాడు గేటు దగ్గరే అందర్నీ పంపించేస్తుంటే లోపల కాలింగ్ బెల్ ఎందుకు మోగుతుంది?

ఇదంతా ఆ 2012 పేపర్‌లోనే ఉంది. వాళ్ళు ఆ జన్యువు తీసేసిన రకం బ్యాక్టీరియా కూడా వాడి, తేడా ఎంతుందో చూపించారు. ఆ పేపర్‌ని మేం 11 మందిమీ చదివాం, జర్నల్ క్లబ్‌లో ప్రెజెంట్ చేశాం, నేను రెండు రంగుల హైలైటర్లతో గీతలు కూడా గీశాను. ఆ వాక్యం మీద గీత లేదు. ఆ ప్రింటవుట్ ఇప్పటికీ నా దగ్గరుంది.

జపాన్‌లోని కెయో విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ. కోలైలో ఒక్కో జన్యువు తీసేసి దాదాపు 4 వేల రకాలు తయారుచేసి పెట్టారు, కెయో కలెక్షన్ అంటారు. అందులో మాకు కావలసింది వేరే ఊళ్ళో ఒక ల్యాబ్‌లో ఉందని తెలిసి మా గైడ్ సార్ ఫోన్ చేశారు. వాళ్ళు చిన్న ట్యూబులో అగర్ అనే జెల్లీలో గుచ్చి పంపించారు. అది చేతికందేసరికి ఆగస్టు. అందులోకి మా ప్లాస్మిడ్, అంటే మేం అతికించిన గుండ్రటి డీఎన్‌ఏ, ఎక్కించడానికి ఇంకో 10 రోజులు. కొన్న కణాలైతే ఐస్ మీద పెట్టి 42 డిగ్రీల హీట్ షాక్ ఇస్తే చాలు. ఇవి కాల్షియం క్లోరైడ్‌తో మేమే సిద్ధం చేసుకోవాలి. మొదటిసారి ప్లేటు మీద ఒక్క కాలనీ, అంటే బ్యాక్టీరియా గుంపు, రాలేదు. రెండోసారి ప్లేటు నిండా వచ్చాయి, ఎగిరి గంతేశాం. తర్వాత తెలిసింది ఆ ప్లేట్లలో యాంటీబయాటిక్ వేయడం మర్చిపోయామని. అది లేకపోతే ప్లాస్మిడ్ ఎక్కని కణాలు కూడా పెరిగిపోతాయి. వేయాల్సింది నేనే. మూడోసారి నాలుగు కాలనీలు.

నాలుగు చాలు.

ఆ రాత్రి మళ్ళీ లైట్లు ఆర్పాం. ఈసారి ఎవరూ ఎవర్నీ అడగాల్సిన పని లేకపోయింది. లీటరుకు 5 మిల్లీగ్రాముల ట్యూబు పచ్చగా ఉంది, ఏమీ లేనిది నల్లగా ఉంది. 1.5 దగ్గర కంటికి తేడా తెలియలేదు కానీ వెలుగు కొలిచే మెషీన్‌లో తెలిసింది. నల్గొండ అబ్బాయి బయటికెళ్ళి ఇంటికి ఫోన్ చేసుకున్నాడు. తిరిగొచ్చి ఏమీ జరగనట్టు ట్యూబులు కడిగాడు.

తర్వాత ఊరి నీళ్ళు తీశాం. కెమిస్ట్రీ వాళ్ళ ఫ్లోరైడ్ మీటర్‌తో ముందే కొలిచి పెట్టుకున్నాం. మీటర్‌లో ఎక్కువ చూపించిన బోరు నీళ్ళు మా బ్యాక్టీరియాకి ఆనలేదు. మళ్ళీ అదే నీరసం. ఈసారి మూడు వారాలు పట్టలేదు, మూడు రోజుల్లో దొరికింది. ఫ్లోరైడ్ బ్యాక్టీరియా లోపలికి వెళ్ళేది ఎక్కువగా హైడ్రోజన్‌తో కలిసిన రూపంలో. నీళ్ళు క్షారంగా ఉంటే ఆ రూపం బాగా తగ్గిపోతుంది. పీహెచ్ ఒక అంకె పెరిగితే పదో వంతు అవుతుంది. అక్కడి బోరు నీళ్ళ పీహెచ్ 8 దాకా ఉంది. ల్యాబ్‌లో మేం చేసుకున్న నీళ్ళది 7. కొంచెం ఆమ్లం వేసి 6కి దించాక వెలుగు పెరిగింది. ఐజెమ్‌లో పదేపదే చెప్పే మాట ఒకటుంది: డిజైన్, బిల్డ్, టెస్ట్, లెర్న్. ఏప్రిల్‌లో పోస్టర్ మీద చూసి నవ్వుకున్నాం. సెప్టెంబర్‌కి అర్థమైంది.

అక్టోబర్‌లో వికీ ఫ్రీజ్. జట్టు చేసిన పనంతా ఒక వెబ్‌సైట్‌గా రాయాలి, ఐజెమ్ సర్వర్‌లోనే ఉండాలి, చెప్పిన గడువు దాటాక ఒక్క కామా కూడా మార్చలేం. జడ్జీలు చదివేది అదే. మా కంప్యూటర్స్ ఇద్దరూ మూడు రోజులు ఇళ్ళకి వెళ్ళలేదు. చివరి గంటలో ఒక పేజీ తెరుచుకోకపోతే ఎవరో ఏడ్చారు, ఎవరో చెప్పను. గడువుకి 4 నిమిషాల ముందు అంతా పచ్చ టిక్కులొచ్చాయి. మర్నాడు మధ్యాహ్నం నిద్రలేచి ఫోన్‌లో తీరిగ్గా చూసుకుంటుంటే కనిపించింది: మా ముఖ్యమైన గ్రాఫ్ కింద యూనిట్ మిల్లీగ్రాములకు బదులు మిల్లీమోలార్ అని ఉంది. 1.5 మిల్లీమోలార్ అంటే లీటరుకు 28.5 మిల్లీగ్రాములు. ఏడాది పనిలో గుండెకాయలాంటి బొమ్మ, దాని కింద తప్పు. ఇంకేం చేయలేం.

పారిస్‌కి ఐదుగురం అనుకున్నాం. వీసా అపాయింట్‌మెంట్లు దొరక్క, ఒకరికి పాస్‌పోర్టు సమయానికి చేతికి రాలేదు. నలుగురం వెళ్ళాం. రానిది నల్గొండ అబ్బాయే. ఎయిర్‌పోర్టుకి వచ్చి నా చేతిలో ఒక ఖాళీ సీసా పెట్టాడు, మీద "చింతచెట్టు బోరు" అని అతని చేతిరాత. బూత్‌లో పెట్టమన్నాడు.

నవంబర్ 2 నుంచి 5 దాకా, పోర్ట్ ద వెర్సాయ్ అనే పెద్ద ఎగ్జిబిషన్ ప్రాంగణంలో. అంత పెద్ద హాలు నేనెప్పుడూ చూడలేదు, నుమాయిష్‌కి పైకప్పు వేస్తే ఎలా ఉంటుందో అలా. జట్టుకొక రంగు టీషర్టు, కొందరికి బొమ్మ వేషాలు. ఒక జట్టు మనిషంత ఈస్ట్ కణం వేషం వేసుకుని తిరుగుతోంది. చైనా జట్లు ఎంత తయారుగా వచ్చాయో చెప్పలేను. ఒక యూరప్ జట్టులో తెలుగమ్మాయి కనిపించింది, గుంటూరట. ఇద్దరం మాట్లాడుకున్నది సైన్సు గురించి కాదు, పులిహోర గురించి. మా దగ్గరున్న పొడి ప్యాకెట్లలో సగం ఆమెకే పోయాయి.

జడ్జీల సెషన్‌కి ముందు రాత్రి అంత టెన్షన్ నాకు ఎంసెట్‌కి కూడా లేదు. ముగ్గురొచ్చారు. వికీ నిజంగా చదివారు, గుర్తులు పెట్టుకుని వచ్చారు. మొదటి ప్రశ్నే, "ఈ గ్రాఫ్‌లో యూనిట్ సరిగ్గానే ఉందా?" తప్పేనని ఒప్పుకున్నాం, సరైన లెక్క చెప్పాం. అడిగినావిడ తల ఊపి రాసుకుంది. రెండో ప్రశ్న ఇంకా సూటిగా ఉంది. "మీ దేశంలోనే నీళ్ళలో చుక్కలు వేసి రంగు చూసి ఫ్లోరైడ్ చెప్పే కిట్లున్నాయి. కొన్ని నిమిషాల పని. మీ బ్యాక్టీరియాకి ఒక రాత్రి పడుతుంది, లక్షల రూపాయల మెషీన్ కావాలి, పైగా ల్యాబ్ దాటి బయటికి తీసుకెళ్ళడానికి వీల్లేదు. ఎవరికి ఉపయోగం?"

ల్యాబ్ దాటడానికి వీల్లేదన్నది నిజం. జన్యువులు మార్చిన జీవుల్ని బయట వదలకూడదన్నది ఐజెమ్‌లో గట్టి నియమం. అందుకే కణాలు లేకుండా, స్విచ్‌నీ దానికి కావలసిన సరుకునీ కాగితం మీద ఎండబెట్టే పద్ధతి గురించి మా దగ్గర రెండు పేజీల ప్లాన్ ఉంది. మా మెకానికల్ వాడు దాని గురించి చెప్పబోయాడు. సీనియర్ అక్క వాడి చెయ్యి నొక్కి, "ఈరోజుకైతే ఎవరికీ ఉపయోగం లేదు" అంది. తర్వాత పెద్దమ్మ మోకాళ్ళ మాట చెప్పింది, పొలం బోర్ల సంగతి చెప్పింది, దానివల్ల ఏం కొట్టేశామో, ఏం మార్చామో చెప్పింది. జడ్జీల్లో ఒకాయన బూత్ మీదున్న సీసా చూపించి ఆ అక్షరాలేమిటని అడిగాడు. చింతచెట్టు అంటే ఏమిటో ఇంగ్లిష్‌లో చెప్పడానికి మాకు కొంచెం సేపు పట్టింది.

ఐజెమ్‌లో పతకాలు మొదటి, రెండో స్థానాల్లాంటివి కావు. చెప్పిన పనులు చేసిన ప్రతి జట్టుకీ ఆ స్థాయి పతకం ఇస్తారు. మాకు వెండి వచ్చింది. బంగారం వస్తుందని నేను లోలోపల అనుకున్నాను, రాలేదు. ఆ యూనిట్ వల్లేనా అని ఇప్పటికీ అనిపిస్తుంది. వాళ్ళు పంపిన వ్యాఖ్యల్లో దాని గురించి ఒక్క మాటా లేదు, అందుకే ఇంకా అనిపిస్తుంది.

డిసెంబర్‌లో మళ్ళీ ఊరికి వెళ్ళాం. పత్తి ఏరుతున్న రోజులు. పెద్ద అక్షరాలతో ఒక కాగితం చేయించాం: బోరు పేరు, పక్కన అంకె, 1.5 దాటినవాటికి ఎర్ర గీత. 14 బోర్లలో 9 ఎరుపే. అంకెలన్నీ కెమిస్ట్రీ మీటర్‌వి. మా బ్యాక్టీరియా చెప్పింది అంత నమ్మకంగా రాసి ఇవ్వలేం. ఆ మాటే పెద్దమ్మకి చెప్పాను. "మరి మీ పురుగులేం జేసినయ్ ఏడాదంత?" అంది. ఎక్కువుంటే వెలుగుతున్నయి పెద్దమ్మా, సరిగ్గా ఎంతో చెప్పలేకపోతున్నయి అన్నాను.

ఆవిడ కాగితం కళ్ళకి దూరంగా పట్టుకుని, తనకి చదువు రాదని గుర్తొచ్చినట్టు నా చేతికి తిరిగిచ్చి వరసగా చదవమంది. చదివాను. తమ చేను పక్క బోరు దగ్గర ఆపి రెండోసారి చదివించుకుంది. 3.2. ఏమీ అనలేదు. బడి బోరు 1.1 అనగానే మనవడిని పిలిచి, రేపటి నుంచి చేనుకి నీళ్ళు అక్కడ పట్టుకుని పోవాలని చెప్పింది. కాగితాన్ని క్యాలెండర్ వెనక దోపింది.

మేం చెప్పులేసుకుంటుంటే వెనక నుంచి పిలిచింది. "గివి యే నెలల పట్టిన నీళ్ళు?" ఏప్రిల్ అన్నాను. "వానలు వడ్డంక మారది? ఎండకాలం నీళ్ళు అడుక్కి పోతయ్, గప్పుడు ఎక్కువ గాదా?" అంది.

మాకు ఏడాదంతా ఆ ఆలోచన రాలేదు. జడ్జీలూ అడగలేదు. నల్గొండ అబ్బాయి అప్పటికే స్కూటీ డిక్కీలోంచి సీసాలు తీస్తున్నాడు.